దివాన్ అంటే సోఫానా, తివాచీనా?

మాది పర్లాకిమిడి. చెల్లెలు పోలండ్‌లో చదువుతోంది, అక్కడ దివాన్ అంటే తివాచీ అట. నేనేమో ఇటాలియన్ నేర్చుకుంటున్నా, అందులో దివానో అంటే సోఫా. ఏది అసలు?

> మూలం పారశీకం అండీ. దీవాన్ అంటే మొదట లెక్కల దస్తరం, తర్వాత కచేరీ, కొలువు. తుర్కుల కొలువులో గోడవారగా మెత్తలు పరిచిన ఆసనాలుండేవి, ఇటలీ వాళ్లకి ఆ ఆసనమే దివానో అయింది. పోలండ్‌కీ తుర్కీ నుంచే వెళ్లింది, కానీ కింద పరిచేదానికి అంటుకుంది.

> మన దివాణం కూడా దీనికి చుట్టమే కదా! 1936లో ఒడిశాలో కలిసేదాకా మనది మద్రాసు ప్రెసిడెన్సీ, జమీందారీ ఊరు, ఈ మాట వినని ముసలివాళ్లు ఉండరు.

> కొలాత్సియోనే ఇంకా తమాషా. ఇటలీలో పొద్దున టిఫిన్, పోలండ్‌లో కొలాత్స్యా అంటే రాత్రి భోజనం, రెండూ లాటిన్‌వే. చెల్లెమ్మని ఎవరైనా పిలిస్తే టైమ్ అడగమనండి.