క్రియాటినిన్ 1.5 వస్తే కిడ్నీ పోయినట్టేనా? ప్రోటీన్ పౌడర్ మానేయాలా?

అనంతపురం_డెడ్‌లిఫ్ట్: మా జిమ్‌లో ఒక ఫ్రెండు, వయసు 26. ఉద్యోగం కోసం మెడికల్ టెస్టు చేయిస్తే క్రియాటినిన్ 1.5, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే లెక్క) 65 వచ్చాయి. రోజూ రెండు స్కూపుల వే ప్రోటీన్ (పాల నుంచి తీసే ప్రోటీన్ పౌడర్), 5 గ్రాముల క్రియాటిన్ (కండ బలానికి వాడే పొడి) తీసుకుంటాడు. ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి. ట్రైనరేమో కండ ఉన్నోడికి అంతే వస్తది, లైట్ తీసుకో అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

కడప_పెద్దాయన: పౌడర్లన్నీ ఆపమని చెప్పు నాయనా. హైదరాబాద్‌లోని ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళే 2024 ఆహార మార్గదర్శకాల్లో కండ కోసం ప్రోటీన్ సప్లిమెంట్లు వద్దన్నారు. సంగటి, పప్పు, గుడ్లు, శనక్కాయలు తిని బరువులెత్తినోళ్ళు మన సీమలో లేరా?

కర్నూలు_ల్యాబ్: పెద్దాయనా, ఎన్ఐఎన్ మాట నిజమే. కానీ ఈ పిల్లోడి రిపోర్టుకు అది జవాబు కాదు. క్రియాటినిన్ కండరాల్లోంచి వచ్చే వ్యర్థం. కండ ఎక్కువున్నా, క్రియాటిన్ పొడి వాడినా, ముందు రోజు రాత్రి మటన్ గట్టిగా తిన్నా అది పెరుగుతుంది. ఈజీఎఫ్ఆర్ లెక్కకు తెలిసేది వయసు, ఆడా మగా, క్రియాటినిన్, అంతే. ఎదుటివాడు 60 కేజీలా 95 కేజీలా దానికి పట్టదు. అందుకే డాక్టర్‌ని అడిగి సిస్టాటిన్ సి (కిడ్నీ పనితీరు చూసే ఇంకో రక్త పరీక్ష) చేయించండి. దాని మీద కండ ప్రభావం చాలా తక్కువ. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతుందేమో కూడా చూడాలి. టెస్టుకు రెండు రోజుల ముందు నుంచి బరువులెత్తొద్దు, లేకపోతే మంచి కిడ్నీ ఉన్నవాడికి కూడా మూత్రంలో ప్రోటీన్ కనబడొచ్చు.

అట్లని ట్రైనర్ మాట కూడా నేను ఒప్పుకోను. నాకు భయం వే డబ్బా గురించి కాదు, దాని పక్కన ఉండే వాటి గురించి. మోకాలు నొప్పని రోజూ డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర మింగడం, మే నెల ఎండలో రేకుల షెడ్డులో చెమటలు కార్చడం, పోటీకి ముందు కటింగ్ (కండలు తేలేలా ఒళ్ళు తగ్గించడం) అని నీళ్ళు మానేయడం. ఈ మూడూ ఒకేసారి పడితే కిడ్నీకి రక్తం సరిగ్గా అందదు. ఇక స్టెరాయిడ్ల సంగతి వేరే. 2010లో అమెరికా డాక్టర్లు ఏళ్ళ తరబడి అవి వాడిన 10 మంది బాడీబిల్డర్ల కిడ్నీ బయాప్సీల్లో (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) ఏం కనిపించిందో రాస్తే, 9 మందికి వడపోసే భాగాల్లో మచ్చలున్నాయి.

కోచ్_కడప: నేనూ అదే చెప్తున్నా కదా సార్. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీని ప్రోటీన్ పాడుచేస్తుందని రుజువు లేదు. నేను మా కుర్రాళ్ళకు రోజుకు కేజీ బరువుకు 1.6 గ్రాముల ప్రోటీన్ దాటనివ్వను.

కర్నూలు_ల్యాబ్: ఆరోగ్యంగా ఉందని టెస్టు చేయకుండానే మీకు ఎట్లా తెలిసింది కోచ్ గారూ? షుగరో, బీపీయో, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బో ఉంటే మీ 1.6 లెక్క పనికిరాదు. పౌడర్ అమ్మే ముందు ఈ మూడు ప్రశ్నలు ఎంతమందిని అడుగుతున్నారు?

కోచ్_కడప: అందరినీ అడగం. అది ఒప్పుకుంటా.

అనంతపురం_డెడ్‌లిఫ్ట్: ఇప్పుడే గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడన్నా. నడుం నొప్పికి నెల రోజులుగా మాత్ర వేసుకుంటున్నాడంట. లేబుల్ లేని కవర్లో ప్రీ-వర్కౌట్ పొడి (వ్యాయామానికి ముందు తీసుకునేది) కూడా ఎవరో ఇచ్చారంట. సిస్టాటిన్ సి ఇక్కడ చేస్తారా?

కర్నూలు_ల్యాబ్: చాలా ల్యాబులు శాంపిల్ తీసుకుని బయటికి పంపిస్తాయి. ముందు ఫోన్ చేసి కనుక్కో తమ్ముడూ. ఆ మాత్ర, ఆ పొడి, క్రియాటిన్ ఈరోజే ఆపించు. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు మాత్రల షీటు, ఆ కవర్ రెండూ చేతిలో పట్టుకెళ్ళమను.