దిడ్డి వేరు, దొడ్డి వేరు

నిన్నటి చర్చలో ఒక మిత్రుడు "దిడ్డి అంటే దొడ్డే కదా, పలకడంలో మారింది" అన్నారు. కాదండీ. దిడ్డి అంటే కోట తలుపు దగ్గరుండే చిన్న వాకిలి. ఆ రెండిటినీ కలిపేస్తే మా నాయనమ్మ కథ పాడైపోతుంది.

ఆమెది దేవరకొండ వైపు పల్లె. "గట్టు మీది కోట" కథ చెప్పేది. రాజు పేరుండదు, శత్రువు పేరుండదు. చుట్టూ దండు దిగింది, కోటలో గింజలు అడుగంటాయి. ఒక అమాస రాత్రి బురుజుల మీద దీపాలు ఎప్పటిలాగే వెలిగించారు. నగారా కొట్టడానికి ఇద్దరు ముసలోళ్లను ఉంచి, మిగతావాళ్లంతా కాళ్లకు గుడ్డలు చుట్టుకొని ఒక్కొక్కరే దిగిపోయారు. "పెద్ద దర్వాజ మూసినట్టే ఉంది బిడ్డా, అందరు దిడ్డిలకెల్లి ఎల్లిండ్రు" అనేది. ఆ ముసలోళ్లేమయ్యారని ఎన్నిసార్లు అడిగినా చెప్పేది కాదు. "అయితే పారిపోయిండ్రా?" అని ఒకసారి అన్నాను. చాలా కోపం చేసింది. "పారిపోలే. తప్పుకున్నరు."

దిడ్డి అంటే పెద్ద తలుపులోనో, దాని పక్కనో మనిషి తల వంచి దాటేంత చిన్న వాకిలి. మా వైపు పాత ఇండ్లకుండే ఇలాంటి వాకిలిని కూడా దిడ్డి దర్వాజ అంటారు. బ్రౌన్ నిఘంటువులో ఈ మాట ఉంది. కన్నడంలో దిడ్డి బాగిలు, తమిళంలో తిట్టి వాసల్. అంటే దక్షిణాది భాషల్లో తనకంటూ చుట్టాలున్న మాట ఇది, దొడ్డికి నకలు కాదు.

దొడ్డి ఇంటి వెనక జాగా, పశువుల్ని కట్టేసే చోటు. దాన్నుంచి వచ్చిన దొడ్డిదారిలో తప్పు చేసిన వాసన ఉంది. దొడ్డిదారిన ఉద్యోగం కొట్టాడంటాం. పరారీ అన్నా అంతే, వెంటనే నేరస్థుడు గుర్తొస్తాడు. ఇక "పలాయనం చిత్తగించాడు" చూడండి: పెద్దల విషయంలో మర్యాదగా వాడే "చిత్తగించు"ను తెచ్చి పరుగుకు తగిలించారు, వెక్కిరింత అయింది.

దిడ్డిలో ఆ నింద లేదు. అది గోడకు కన్నం కాదు, కోట కట్టినవాళ్లే ముందుచూపుతో పెట్టిన వాకిలి. నాయనమ్మ ఆ మాటే ఎందుకు వాడేదో నాకు ఇప్పుడు తెలుస్తోంది. ఎవరైనా ఈ కథను పుస్తకంలోకి ఎక్కిస్తే దయచేసి "దొడ్డిదారిన పారిపోయారు" అని రాయకండి.

పాలమూరు, అచ్చంపేట వైపు మిత్రులు ఈ చిన్న వాకిలిని ఏమంటారో చెప్పండి. దిడ్డేనా, ఇంకేదైనా మాట ఉందా?