యుద్ధం చేసిన దేశంతో ఆట ఆడొచ్చా?

మూసీ గట్టు (నకిరేకల్):
మొన్న సూర్యాపేటలో కర్నల్ సంతోష్‌బాబు విగ్రహం ముందు నుంచి వస్తుంటే మా తమ్ముడు అడిగాడు. "అన్నా, 2020 జూన్‌లో గల్వాన్‌లో ఈయనతో కలిపి 20 మందిని పోగొట్టుకున్నం. 2023లో అదే చైనాకు పోయి, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 107 పతకాలు తెచ్చుకుని పండగ చేసుకున్నం. పాకిస్తాన్‌తో క్రికెట్ అంటే మాత్రం రక్తం మరుగుతది. ఇదేం లెక్క?" నాకు జవాబు తోచలేదు. మీరేమంటారు?

పాలమూరు పోరడు:
సింపుల్ అన్నా. ఆసియా క్రీడలు నాలుగేళ్లకోసారి. మానేస్తే నష్టం చైనాకు కాదు, మన పిల్లలకే. క్రికెట్‌లో ఏటా ఏదో ఒక కప్పు ఉండనే ఉంటుంది.

మూసీ గట్టు:
హాంగ్‌జౌకు మన పిల్లలందరూ పోలేదు తమ్మీ. అరుణాచల్ నుంచి ముగ్గురు వుషు (చైనా యుద్ధకళ) అమ్మాయిలు చైనా వీసా తిరకాసుతో ఇక్కడే ఆగిపోయారు. మన క్రీడల మంత్రి ప్రయాణం మానుకున్నారు, జట్టు మాత్రం పోయింది.

డిండి వాగు:
ఆడితే స్నేహం పెరుగుతుందంటే నేను నమ్మను. 1999 జూన్ 8, కార్గిల్ నడుస్తుండగానే ఇంగ్లండ్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్‌లో పాకిస్తాన్‌తో ప్రపంచకప్ మ్యాచ్. దేవరకొండలో ఒక హోటల్ టీవీ ముందు నలభై మందిమి. వెంకటేశ్ ప్రసాద్ ఐదో వికెట్ తీయగానే హోటలాయన అందరికీ ఛాయ్ ఫ్రీ అన్నాడు. 47 పరుగులతో గెలిచాం. మూలన ఒక పెద్దాయన గ్లాసు ముట్టలేదు. కొడుకు మిలిటరీలో ఉన్నాడట. "మ్యాచ్ అయిపాయె గదా, ఇగ వార్తలు పెట్టుండ్రి" అన్నాడు. యుద్ధం జూలై దాకా సాగింది.

పాలమూరు పోరడు:
మరి 1971లో అమెరికా టేబుల్ టెన్నిస్ జట్టు చైనా పోతే, మరుసటి ఏడాదే వాళ్ల అధ్యక్షుడు నిక్సన్ పోయాడు కదా?

డిండి వాగు:
అప్పటికే ఇద్దరికీ మాట్లాడుకోవాలని ఉంది, బంతి సాకు అయింది. 1969లో మధ్య అమెరికా దేశాలు ఎల్ సాల్వడార్, హోండూరస్ ఫుట్‌బాల్ కోసం కొట్టుకున్నాయంటారు. అసలు పంచాయతీ భూమిది, వలస రైతులది. మన దిక్కు వాళ్లకు అది చెప్పాల్నా?

మూసీ గట్టు:
ఆడకపోతే పూర్తిగా మానాలి. 1974లో దక్షిణాఫ్రికా వర్ణవివక్షకు నిరసనగా టెన్నిస్ డేవిస్ కప్ ఫైనల్‌నే వదులుకున్నాం. చేతికొచ్చే కప్పు పోయింది. 2025 ఆసియా కప్‌లో పాకిస్తాన్‌తో మ్యాచ్ ఆడినం, యాడ్‌లు వేసుకున్నం, చేయి మాత్రం కలపలే. దీన్నేమంటారో నాకు తెల్వదు.

పాలమూరు పోరడు:
ఆ పెద్దాయన కొడుకు తిరిగొచ్చాడా అన్నా?

డిండి వాగు:
వచ్చాడు. ఇప్పుడు బత్తాయి తోట చూసుకుంటున్నాడు. ఇండియా-పాక్ మ్యాచ్ ఒక్కటీ వదలడు.