అప్‌డేట్: 16 మందికో టీచర్ అన్నారు, తరగతిలో 27 మంది ఎందుకు?
పోయినసారి నేను అడిగింది ఇదీ: మా పాపను చేర్చాలనుకున్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల వివరాల్లో 16 మంది పిల్లలకు ఒక టీచర్ అని ఉంది, తరగతిలో చూస్తే 27 మంది. ఏది నిజం?

నిన్న వెళ్లి హెడ్‌మాస్టర్‌ గారినే అడిగాను. రెండూ నిజమేనట. ఆ లెక్కలో సంగీతం, ఆటల టీచర్లు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల టీచర్లు కూడా కలుస్తారు. గదిలో మాత్రం ఒక్కరే.

రిజిస్టర్ తిప్పి చూపించారు. 27 మందిలో 9 మంది ఇంట్లో మాట్లాడేది వేరే భాష. వాళ్లకు సాయం చేసే టీచర్ వచ్చేది వారానికి రెండే రోజులు. నాకు బాధేసింది అక్కడే. వెనక బెంచీలో ఒక బాబు, ప్రశ్న అర్థంకాక పక్కపిల్ల నోట్‌బుక్‌లోకి తొంగిచూస్తున్నాడు.

పాపను చేర్పిస్తున్నాం. ఆ టీచర్‌ను రోజూ పంపమని తల్లిదండ్రులం కలిసి అర్జీ రాస్తున్నాం.