పెళ్లయిన కూతురికి, ఆ తర్వాత మనవలకి ఇల్లు చేరేలా వీలునామా ఎలా రాయాలి?

ప్రశ్న: బెజవాడ68

విజయవాడలో 200 గజాల్లో నా స్వార్జితంతో కట్టిన ఇల్లు, అన్నదమ్ముల పంపకంలో వచ్చిన 3 ఎకరాల మాగాణి, కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్, ఒక ఎల్‌ఐసీ పాలసీ ఉన్నాయి. భార్య, కొడుకు, పెళ్లయిన కూతురు. కూతురికి 11, 7 ఏళ్ల పిల్లలు. ఇల్లు కూతురు బతికినన్నాళ్లూ అనుభవించాలి, తర్వాత పిల్లలకి పోవాలి, అల్లుడి అప్పులకి తాకట్టు పడకూడదు. రైటరు గారి చిత్తులో ఇలా ఉంది: "నా కుమార్తె దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో అనుభవించి, తదనంతరం ఆమె సంతానమునకు చెందవలెను." సరిపోతుందా అండీ?

జవాబు: దస్తావేజు

సరిపోదండీ. మొదటి సగంలో అన్ని హక్కులూ ఇచ్చేసి, రెండో సగంలో వెనక్కి లాగుతున్నారు. ఇలాంటి వాక్యం మీదే ఏళ్ల తరబడి దావాలు నడుస్తాయి. పూర్తి హక్కు ఇచ్చాక పెట్టిన "తదనంతరం" చెల్లదని కోర్టు అంటే పిల్లలకి నేరుగా ఏమీ రాదు. ఇల్లు చివరికి పిల్లలకే చేరాలన్నది మీ ఉద్దేశం అయితే "సర్వ హక్కులతో" తీసేసి, "అన్యాక్రాంతం చేయు హక్కు లేకుండా, జీవితాంతం నివసించుటకు, అద్దెలు వసూలు చేసుకొనుటకు మాత్రమే" అనీ, ఆ తర్వాత పిల్లలకి "సమాన వాటాలతో సంపూర్ణ హక్కులతో" అనీ రాయించండి. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు వేయించండి. ఇకముందు పుట్టేవాళ్లకీ ఇవ్వాలనుకుంటే ఆ మాట విడిగా ఉండాలి.

దీనికో ఇబ్బందీ ఉంది. రేపు ఆపరేషనుకో చదువుకో డబ్బు కావలసివస్తే అమ్మాయి ఆ ఇల్లు అమ్మలేదు, బ్యాంకూ అప్పివ్వదు. పూర్తి హక్కు ఇస్తే ఆ చిక్కు లేదు. కానీ ఆమె వీలునామా రాయకుండా పోతే హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం భర్తకీ ఇద్దరు పిల్లలకీ తలా మూడో వంతు. నన్నడిగితే, అమ్మాయి మీద నమ్మకముంటే పూర్తి హక్కిచ్చి, ఆమె చేత కూడా వీలునామా రాయించడమే మేలు.

ఇంకొకటి. ఆమె మీకంటే ముందు పోతే ఏం కావాలో తప్పక రాయండి. రాయకపోతే భారత వారసత్వ చట్టం (ఇది వేరే చట్టం) 109వ సెక్షన్ వల్ల ఆ ఆస్తి ఆమె వారసులకి వెళ్తుంది. అందులో అల్లుడూ ఉంటాడు.

జవాబు: సర్వేరాయి

మాగాణి సంగతి వేరు. తాతల నాటి ఉమ్మడి ఆస్తి పంపకంలో వచ్చిందైతే అది పిత్రార్జితం లెక్క. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత పెళ్లయినా కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు. మీరు, కొడుకు, కూతురు మూడు వాటాలు. మీరు వీలునామాలో రాయగలిగింది మీ ఎకరం మాత్రమే.

ఎల్‌ఐసీలో కూతురే నామినీ అయితే బీమా చట్టానికి 2015లో చేసిన సవరణ తర్వాత ఆ డబ్బు ఆమె సొంతం. బ్యాంకులో అలా కాదు, నామినీ డబ్బు తీసుకుని అసలు వారసులకి అప్పగించాల్సిన మనిషే. కాబట్టి డిపాజిట్ల ముక్క వీలునామాలో ఉండాలి.

బెజవాడ68

మనవలు మైనర్లుగా ఉండగానే వాళ్లకి ఆస్తి చేరితే? మావాడు అడ్డం తిరిగితే?

జవాబు: దస్తావేజు

మైనరు స్థిరాస్తిని తండ్రి కూడా కోర్టు అనుమతి లేకుండా అమ్మలేడు. అమ్మినా, పిల్లలు మేజర్లయిన మూడేళ్లలోపు రద్దు కోరవచ్చు. తల్లిదండ్రులుండగా తాతగారు వీలునామాలో మనవలకి గార్డియన్‌ని నియమించలేరు. పిల్లల పేర డబ్బు వదలాలనుకుంటే ఒక ట్రస్టీ పేరు రాసి, ఏ ఖర్చుకి ఎంతవరకు వాడాలో చెప్పండి. అమలుకి ఒక ఎగ్జిక్యూటర్‌నీ పెట్టండి.

కొడుకు విషయానికొస్తే, అతనికి తక్కువ ఎందుకిస్తున్నారో ఒక్క వాక్యం రాయండి. సాక్షులిద్దరూ లబ్ధి పొందేవాళ్లు కాకూడదు, మీకంటే చిన్నవాళ్లయితే మంచిది. ఇద్దరూ మీ సంతకం చూసి, మీ ఎదుటే సంతకం చేయాలి. గొడవొస్తే కనీసం ఒకరు కోర్టులో చెప్పాలి, రిజిస్టరు చేయించినా ఇది తప్పదు. వీలునామాకి స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు, అయినా చేయించండి. ఆ రోజు డాక్టరు సర్టిఫికెట్ తీసుకోండి. అమ్మాయిని, అల్లుణ్ణి మాత్రం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఛాయలకి రానీయొద్దు, లబ్ధిదారు దగ్గరుండి రాయించాడన్నదే ఎదుటి వకీలు పట్టుకునే మొదటి అనుమానం.