మొదటి సింగిల్ వదిలి మూడు వారాలు, 612 ప్లేలు. తీసేయాలా, ఉంచాలా?

గాజువాక_బేస్:
మేం నలుగురం, వైజాగ్. నాది బేస్ గిటార్. రెండేళ్లుగా శని, ఆదివారాలు ఒక ఫ్రెండు వాళ్ల మేడ మీద గదిలో వాయించుకుంటూ, చివరికి ధైర్యం చేసి 'ఆఖరి బస్సు' అని ఒక రాక్ పాట, మొత్తం తెలుగులోనే, స్పాటిఫైలోనూ యూట్యూబ్‌లోనూ వదిలాం. రికార్డింగు, మిక్సింగు కలిపి 38 వేలయింది, తలా కొంచెం వేసుకున్నాం.

ఈరోజుకి స్పాటిఫైలో 612 ప్లేలు, అందులో వంద మా అమ్మవే అయ్యుంటాయి. అమ్మ పక్కింటి ఆంటీని కూర్చోబెట్టి మరీ వినిపిస్తే ఆవిడ మొత్తం విని "బాగుందమ్మా, ఏ సినిమాలోది?" అంది. సినిమాలోది కాదు, మావాళ్లే చేశారు అంటే "మరి ఎందుకు పాడారూ?" అంది. ఆవిడ తప్పేం లేదు, నిజంగానే అర్థంకాక అడిగింది.

ఇప్పుడు మా డ్రమ్మర్ దీన్ని తీసేసి జానపదం బీటు మీద ఇంకోటి చేద్దాం అంటున్నాడు. నాకు తీయాలని లేదు, కానీ ఎందుకు ఉంచాలో వాడికి చెప్పడానికి నా దగ్గర మాట లేదు. మొదటి సింగిల్ చతికిలబడ్డాక నిలబడ్డ బ్యాండ్లు నిజంగా ఉన్నాయా, లేక అవన్నీ మనల్ని మనం ఓదార్చుకునే కథలా? లింక్ నా ప్రొఫైల్లో ఉంది, మొహమాటం లేకుండా చెప్పండి.

మాంచెస్టర్_బాబాయ్:
ఉన్నాయి తమ్ముడూ. నేనుండే మాంచెస్టర్ బ్యాండు సంగతే చెప్తా. ద స్మిత్స్ మొదటి సింగిల్ 'హ్యాండ్ ఇన్ గ్లవ్', 1983 మేలో వచ్చింది. ఇక్కడికి పక్కనే ఉన్న స్టాక్‌పోర్ట్‌లో స్ట్రాబెరీ స్టూడియోస్ అని ఉండేది, అక్కడ ఒక్కరోజులో రికార్డు చేశారు. ఖర్చు ఓ 250 పౌండ్లు, అది కూడా మేనేజరు జో మాస్ జేబులోంచి. రికార్డు రెండో వైపుకి స్టూడియోలో ఇంకో పాట చేయలేదు, హసియెండా క్లబ్బులో లైవ్‌గా వాయించిన 'హ్యాండ్సమ్ డెవిల్' పెట్టేశారు. టేపు పట్టుకుని గిటారిస్టు జానీ మార్, బేస్ వాయించే ఆండీ రూర్క్ లండన్‌లో రఫ్ ట్రేడ్ అనే రికార్డు కంపెనీ ఆఫీసుకి వెళ్లి ఇచ్చి వచ్చారు. (బేస్ వాయించేవాళ్లకి తిరుగుడు పని తప్పదు, చూసుకో.)

ఫలితం ఏంటంటే, దేశం మొత్తం చూసే అమ్మకాల చార్టులో టాప్ 75లోకి కూడా రాలేదు. కానీ పెద్ద కంపెనీల పంపిణీతో సంబంధం లేని రికార్డులకి వేరే ఇండీ చార్టు ఉండేది, అందులో మూడో స్థానం దాకా వెళ్లింది. అదే మేలో బీబీసీ రేడియో 1లో డీజే జాన్ పీల్ షో కోసం వాళ్లు కొన్ని పాటలు వాయించి సెషన్ రికార్డు చేశారు. రెండో సింగిల్ 'దిస్ చార్మింగ్ మ్యాన్' ఆ ఏడాది చివర్లో అసలు చార్టులోనే 25కి చేరింది.

నాకు నచ్చేది దీని తర్వాతి భాగం. వాళ్లు ఆ మొదటి పాటని వదిలేయలేదు. మిక్స్ మార్చి 1984లో మొదటి ఆల్బంలో పెట్టారు. అదే ఏడాది, అరవైల్లో చెప్పుల్లేకుండా పాడి పేరు తెచ్చుకున్న శాండీ షాతో అదే పాట పాడించారు, వాళ్లు వెనక వాయించారు. అది 27వ స్థానం. టీవీలో 'టాప్ ఆఫ్ ద పాప్స్' షోలో ఈసారి చెప్పుల్లేకుండా నిలబడింది ఆవిడ కాదు, వెనక వాయించిన వాళ్లు, వీడియో దొరికితే చూడు.

అంటే పాట అదే, మళ్లీ మళ్లీ వచ్చే ఆ గిటార్ రిఫ్ అదే. మొదటిసారి అది చేరాల్సిన వాళ్ల దగ్గరికి చేరలేదు, అంతే. నువ్వు మాత్రం 612ని ఏ చార్టుతో పోల్చుకుంటున్నావు? సినిమా పాటలతోనా?

రాత్రి_రేడియో:
బాబాయ్ చెప్పింది కరెక్టే గానీ ఇలాంటి కథల్లో ఒక మెలిక ఉంటుంది, అది ఎవరూ చెప్పరు. అందరూ ఎత్తే ఉదాహరణ బ్రిటన్ బ్యాండు రేడియోహెడ్ పాట 'క్రీప్'. అంతకు ముందు డ్రిల్ అనే ఈపీ (కొన్ని పాటల చిన్న రికార్డు) వచ్చింది గానీ సింగిల్‌గా మొదటిది ఇదే. 1992 సెప్టెంబరులో బ్రిటన్‌లో వదిలితే ఓ ఆరువేల కాపీలు పోయి చార్టులో 78 దగ్గర ఆగింది. మరీ దిగులుగా ఉందని రేడియో 1 పక్కన పెట్టిందంటారు. ఆ తర్వాత ఇజ్రాయెల్‌లో యోవ్ కుట్నర్ అనే డీజే పట్టుబట్టి వేయడం, అక్కడ హిట్ అవడం, అమెరికా రేడియోల్లో పాకడం, 1993లో బ్రిటన్‌లో మళ్లీ వదిలితే ఏడో స్థానం.

బాగుంది కదా. మెలిక ఏంటంటే వాళ్ల వెనక ఈఎమ్ఐ అనే పెద్ద రికార్డు కంపెనీ ఉంది, రెండోసారి అచ్చేసి పంచగలిగారు. నీ వెనక మీ ఫ్రెండు మేడ ఉంది. పైగా ఇలా వదిలి అలా పోయిన వేల పాటల గురించి ఎవరూ పోస్టులు రాయరు, కాబట్టి 'క్రీప్' చూపించి మీ డ్రమ్మర్‌ని ఒప్పించబోకు, వాడు తెలివైనవాడైతే పట్టేస్తాడు.

కానీ ఆ పాటలో ఒక సంగతి నీకు పనికొస్తుంది. కోరస్‌కి ముందు గిటార్ 'జక్ జక్' మని చచ్చిపోయినట్టు మోగుతుంది చూడు, పాట మరీ మెత్తగా ఉందని విసుగొచ్చి వాళ్ల గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్ దాన్ని చెడగొట్టడానికే అలా కొట్టాడట. జనానికి గుర్తుండిపోయింది అదే. మీ పాట ఇప్పుడే విన్నా. చెడగొట్టింది ఏదీ లేదు, అంతా నీట్‌గా ఇస్త్రీ చేసినట్టుంది. మేడ మీద గదిలో వాయించినప్పుడు కూడా ఇంత బుద్ధిగానే వాయిస్తారా?

అచ్చు_తప్పులు:
నేను మూడుసార్లు విన్నాను. ట్యూన్ బాగుంది, బేస్ చాలా బాగుంది. ఇబ్బంది గొంతు దగ్గర. 46వ సెకను దగ్గర "ఎండలో నిలబడి" అనేది నాకు రెండుసార్లు "ఎందులో" అని వినబడింది, మూడోసారి వీడియో కింద రాసిన సాహిత్యం చూసి తెలుసుకున్నాను. మీ అబ్బాయి ఇంగ్లీషు పాటలు పాడి పాడి అలవాటైనట్టున్నాడు, ట, డలు నాలుక మడవకుండా పళ్ల దగ్గర పలికేస్తున్నాడు, మాట చివర అచ్చుని కోసేస్తున్నాడు. తెలుగులో మాట ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తుంది కదండీ, "వెళ్లిపోయా" అన్నప్పుడు ఆ చివరి 'యా'లోనే ఏడుపంతా ఉంది, దాన్ని మింగేస్తే ఇంకేం మిగులుతుంది? రాక్ అంటే మాటలు నమలాలని ఎక్కడా రూలు లేదు. గిటార్లు కొంచెం తగ్గించి, గొంతు ఒక్కటీ మళ్లీ పాడించి, కొత్త మిక్స్ పెట్టుకోండి. పాత దాన్ని తీయకండి, అదీ ఉండనివ్వండి.

జానపదం బీటు సలహాకి మాత్రం నా ఓటు లేదు. చౌరస్తా బ్యాండు వాళ్లకి అది వాళ్ల ఒంట్లోంచి వచ్చింది కాబట్టి కుదిరింది. ప్లేల కోసం డప్పు తెచ్చి పెడితే వినేవాళ్లకి తెలిసిపోతుంది.

ఫోల్డర్_ఫుల్:
క్లుప్తంగా రెండు ముక్కలు. రెండో పాటకి రిలీజ్ తేదీకి కనీసం ఏడు రోజుల ముందే స్పాటిఫై ఆర్టిస్ట్ అకౌంట్‌లోంచి పిచ్ చేయి (అంటే వాళ్ల ప్లేలిస్టులకి పాట చూడమని పంపడం), మొదటిసారి చేసి ఉండరు, ఎవరూ చేయరు. ఏడాదిలో వెయ్యి ప్లేలు రాకపోతే స్పాటిఫై వాళ్లు ఆ పాటకి రాయల్టీ లెక్క కట్టరు, కాబట్టి డబ్బు గురించి టెన్షన్ పడాల్సింది కూడా ఏం లేదు :) ఇన్‌స్టాలో ఎవడో వచ్చి 'ప్లేలిస్టులో పెడతా, నాలుగు వేలు' అంటాడు, ఇవ్వకు. నేనిచ్చా. రాత్రికి రాత్రి తొమ్మిది వేల ప్లేలు, అన్నీ బాట్లు (మనుషులు కాదు, ప్రోగ్రాములు), వారానికి పాటే ఎగిరిపోయింది.

ఇంకోటి, యూట్యూబ్‌లో మీ పాట కింద ఎవరో గిటార్ కార్డ్స్ (ఏ మాట దగ్గర ఏ స్వరాలు కలిపి పట్టాలో) అడిగారు. రెండు వారాలైంది. జవాబివ్వలేదేం?

గాజువాక_బేస్:
అందరికీ థాంక్స్. "ఎండలో" సంగతి మా సింగర్‌కి చూపిస్తే ముందు కోపం తెచ్చుకున్నాడు, తర్వాత విని నోరు మూసుకున్నాడు. ఆదివారం మళ్లీ పాడుతున్నాడు. బాబాయ్, శాండీ షా వీడియో డ్రమ్మర్‌కి పంపాను, "సరే ఉంచుదాం, కానీ నేను చెప్పులిప్పను" అన్నాడు.

పిచ్ చేయలేదు, నిజమే. కార్డ్స్ కామెంట్ నేను చూసి కూడా వదిలేశా, ఎవడో ఊరికే అడిగాడనుకున్నా. నిన్న రాత్రి పెట్టాం. పది నిమిషాల్లో రిప్లై వచ్చింది. కాకినాడలో హాస్టల్లో ఉంటాడట, ముగ్గురు కలిసి రోజూ వాయిస్తున్నారట. రెండో చరణం మూడో లైన్లో పట్టాల్సిన కార్డ్ జి మేజరా, జి సెవెనా, తేడాగా వినిపిస్తోంది అన్నాడు. మా గిటారిస్టుని అడిగితే వాడికే గుర్తులేదు, ఇప్పుడు కూర్చుని వెతుక్కుంటున్నాడు.