లెక్క తప్పిన వ్యాసానికి మార్కులెట్ల వేయాలె?

ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవానికి హనుమకొండల 9, 10 తరగతుల పిల్లలకు తెలుగు వ్యాసాల పోటీ పెడుతున్నం. ‘సైన్స్ లాభాలు’ అని అంశమిస్తే గైడులోని పేరాలే తిరిగొస్తయి. అందుకని అంశం మార్చినం: రామప్ప గుడి శిఖరం ఇటుక నీళ్లల్ల తేలుతది, మీ ఇంటి ఇటుక ఎందుకు మునుగుతది?

సొంత కొలత తప్పనిసరి. ఇటుక ముక్కను పొడిగా తూచాలె, రాత్రంతా నానబెట్టాలె, నిండు గిన్నెల ముంచి పొర్లిన నీళ్లు కొలవాలె. గ్రాములను మిల్లీలీటర్లతో భాగిస్తే సాంద్రత. 1 కన్నా తక్కువైతేనే తేలుడు. నానబెట్టకుంటే ఇటుక నీళ్లు పీల్చుకుంటది, పొర్లేది తగ్గుతది, సాంద్రత ఎక్కువ చూపిస్తది.

మార్కులు కొలతకు 40, కారణానికి 40, భాషకు 20. (అందమైన చేతిరాతకు సున్నా. కొందరు పంతుళ్లకు ఇది నచ్చది.)

చిక్కు ఇక్కడే. లెక్క తప్పినా, ఎందుకు తప్పిందో పట్టుకొని రాసిన పిల్లకు, సరైన అంకె మాత్రమే రాసిన పిల్లగాని కన్నా ఎక్కువ వేయొచ్చునా? మేమైతే వేయాలనే అంటున్నం. ఇంజనీరు చేసే పని అదే కదా. ఇద్దరు పరీక్షకుల మధ్య 15 మార్కుల తేడా వస్తే మూడోవాళ్లకు ఇయ్యాలా, సగటు తీయాలా?

ఇంకోటి: సర్టిఫికెట్ ఇచ్చి పంపిస్తే ఆసక్తి అక్కడనే ఆగుతది. గెలిచినోళ్లకు సివిల్ ఇంజనీరింగ్ ల్యాబుల ఇటుక బలం పరీక్ష చూపించాలంటే కాలేజీల ఎవరిని, ఎన్ని రోజుల ముందు అడగాలె? తెలిసినోళ్లు చెప్పుండ్రి.